మంచం కింది సిమెంటు

ఆ రోజుల్లో బొంబాయి కామాఠీపురాలో ఇళ్లు కట్టే ఒక గౌండి దగ్గర నాలుగు బస్తాల సిమెంటు ఉందంటే అతనికి తిరుగులేదు. లస్మయ్య దగ్గర ఉన్నాయి. మంచం కింద ఇటుకలు పేర్చి, వాటి మీద బస్తాలు పెట్టి, గోనెలు కప్పి రెండేళ్లుగా దాచుకున్నాడు. సిమెంటు సర్కారు పర్మిట్ మీదే దొరికేది; ఆ పర్మిట్ కోసం ఎన్ని పనిరోజులు ఆఫీసు వరండాలో పోయాయో భార్య వజ్రమ్మకు తెలుసు.

వాళ్లుండే వరసగదుల చాల్ మూడో అంతస్తు గ్యాలరీలో, గంగాబాయి గుమ్మం ముందు స్లాబు చలికాలంలోనే బీట వారింది. 1982 మే వచ్చేసరికి కింది అంతస్తు కనిపించేంత సందు పడింది. దాని మీద చెక్క వేసుకుని, ఆమె బిందె నడుమున పెట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ దాటేది. వానలు మొదలైతే ఆ ముక్క నిలవదు. చాల్ పెద్ద శంకర్రావు పర్మిట్‌కు అర్జీ పెట్టి నాలుగు నెలలైంది, జవాబు లేదు.

ఫిబ్రవరి నుంచి కొంత సిమెంటును పర్మిట్ లేకుండానే అమ్ముకోనిస్తున్నారు. పక్కనే నాగ్‌పాడా దుకాణంలో దొరుకుతోంది, కాని పర్మిట్ ధరకు రెట్టింపుకు దగ్గర. శంకర్రావు ఒప్పుకోలేదు.

“నీ మంచం కింద నాలుగు బస్తాలుండంగ ఆ సేటు జేబెందుకు నింపుడు?” అన్నాడు.

లస్మయ్యకూ అదే సబబనిపించింది. ఇంటికి వచ్చి బస్తా విప్పి చెయ్యి పెట్టాడు. వేళ్లకు గడ్డలు తగిలాయి. రెండు వానాకాలాల చెమ్మ లోపలికి దిగింది. జల్లెడ పట్టి పని కానిచ్చేస్తే ఎవరికీ తెలియదు. అతనికి మాత్రం తెలుస్తుంది.

ఆ సాయంత్రమే నాగ్‌పాడా వెళ్లాడు. అలవాటు కొద్దీ పాత పర్మిట్ కాగితం పట్టుకుని, చేతులు కట్టుకుని, ఒక్క బస్తా ఇప్పించమన్నాడు. సేటు నవ్వి, కాగితమెందుకు, పది తీసుకుపొమ్మన్నాడు. లస్మయ్య ఎదురు దుకాణం వైపు చూసేసరికి, తానే ధర కొంత తగ్గించి, బండి కిరాయి తనదేనన్నాడు. సిమెంటు అమ్మేవాడు తనను బతిమాలడం లస్మయ్య ఎన్నడూ చూడలేదు.

ఒక్క బస్తా మాత్రం తెచ్చాడు. పాతదానితో ఒక బిళ్ల, కొత్తదానితో ఒక బిళ్ల చేసి తడి గోనె కింద పెట్టాడు. మర్నాడు రెండూ శంకర్రావు చేతిలో పెట్టి గోటితో నొక్కమన్నాడు. ఒకటి పొడిపొడిగా రాలింది. ఇంకోదాని మీద గీత కూడా పడలేదు.

“నావి అగ్గువకే దొరికినయన్నా. గిప్పుడు మట్టి. మట్టి మీద గంగాబాయి ఎట్ల నిలబడ్తది?”

“మరి పైసల్లేనోళ్ల గతేంది?” అన్నాడు శంకర్రావు.

“లేనోనికి పర్మిట్ ఎన్నడు దొర్కిందే? దొర్కుతదో దొర్కదో అని నేను దాస్కున్న. నా అసొంటోళ్లు ఎందరు దాస్కున్నరో. గందుకే గంగాబాయికి లేకపాయె. నా కూలి ఇడిచిపెట్టుండ్రి. సిమెంటు మంచిది తెండ్రి.”

వింటున్న వజ్రమ్మ నవ్వుతూ, రెండేళ్ల నుంచి రాళ్ల మీద పండబెట్టినవా నన్ను అంది. శంకర్రావు పొద్దుగూకేలోగా గదిగదికీ తిరిగి తలా ఇంత డబ్బు పోగుచేశాడు.

లస్మయ్య తుప్పు పట్టిన సలాకలు కోసి కొత్తవి కట్టి స్లాబు పోశాడు. రెండు వారాలు రెండు పూటలా గోనెలు తడిపాడు. కింద ఊతంగా పెట్టిన దిమ్మెలు కదిలించనివ్వలేదు, పైన ఎవరినీ అడుగు వేయనివ్వలేదు. గంగాబాయి పక్కవాళ్ల గదిలోంచి తిరిగి పోయి వచ్చేది.

జూన్‌లో మొదటి వాన కురిసిన పొద్దున దిమ్మెలు తీసేసి, తానే ముందు ఆ స్లాబు మీద నిలబడి మడమతో గట్టిగా తన్నాడు. తర్వాత పక్కకు తప్పుకున్నాడు. గంగాబాయి నిండు బిందెతో, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఎవరితోనో అంటూ, కాళ్ల వైపు చూడకుండా నడిచి లోపలికి పోయింది.