తాళాలు పంచిన నాగభూషణ

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసే నాగభూషణ, మాట్లాడే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. డిజైన్లు ఎవరూ కొట్టేయకుండా ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి రాసి, కోడ్‌తో సహా నేతగాళ్లందరికీ ఊరికే పంచాడు. ఆ పద్ధతి మీద పేటెంటు తమదనీ, ఇక ఎవరికీ ఇవ్వకూడదనీ ఏదో కంపెనీ లాయరుతో నోటీసు పంపించింది. పంచడం మానేశాడు.

ఈరోజు మగ్గం నేసే రామలక్ష్మమ్మ పెన్‌డ్రైవ్‌తో వచ్చింది. కొత్త కంప్యూటర్లో ఆ సాఫ్ట్‌వేర్ లేక, తాళం వేసిన ఆమె డిజైన్లు తెరుచుకోవడం లేదు.

"నీ సాఫ్ట్‌వేర్ ఎక్కించియ్యప్పా."

కళ్లజోడు తుడిచాడు. "ఇయ్యగూడదంటమ్మా. ఈడే తాళం తీసిస్తా."

"తాళం లేకుంటే ఊరంతా నా అంచే నేస్తారు గదప్పా!"

మళ్లీ తుడిచాడు. కళ్లజోడు పెట్టుకుని కంప్యూటర్ వైపు తిరిగాడు. తాళం తీసిన ఫైళ్లున్న పెన్‌డ్రైవ్‌ను రామలక్ష్మమ్మ కొంగున కట్టుకుని, ముడి మీద ముడి వేసింది.