నాలుగో గడి

నిమ్మకాయ వాసన వేసే ఉప్పునీరు రెండు లీటర్లు ఈ ఉదయం నా బల్లమీద ఉంది. పేగులు శుభ్రపడటానికి ఆసుపత్రివారు ఇచ్చిన పొడి కలిపిన నీరు అది. పావుగంటకు ఒక గ్లాసు చొప్పున తాగాలి. మధ్యాహ్నం తెనాలి ఆసుపత్రిలో గొట్టం వేసి పెద్దపేగును లోపలినుంచి చూస్తారు. రెండేళ్ళకోసారి నాకు ఈ పరీక్ష తప్పదు. మొదటి గుక్క నాలుకకు తగలగానే డాక్టరు సువార్త గారి మాట వినిపిస్తుంది: "సగం తాగితే సగమే కనపడుతుంది మాస్టారూ." ఆమె పోయి మూడేళ్ళయింది.

ఆమె నాకంటే పదిహేనేళ్ళు చిన్న. జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దిన నేను, ఉద్యోగ విరమణ తరువాత ఆమెచేత దిద్దించుకున్నాను. ఆమె బాపట్ల దగ్గర ఒక లూథరన్ కుటుంబంలో పుట్టారు. తండ్రి బడిపంతులు. చర్చిలో సమాధుల పుస్తకం రాసే బాధ్యత కూడా ఆయనదే. చిన్నతనంలో ఆ పుస్తకం తిరగేస్తూ, ఒకే ఇంటిపేరు పక్కన మూడు తరాలపాటు 'కడుపు జబ్బు' అని ఉండటం ఆమె గమనించారట. పెద్దయ్యాక శస్త్రవైద్యం చదివి, పట్నంలో పెద్దపేగు క్యాన్సరు రోగులకు ఆపరేషన్లు చేశారు. బల్ల ఎక్కేసరికే చాలామందికి ఆలస్యమైపోయేది. చివరికి కత్తి పక్కన పెట్టి తెనాలి వచ్చారు. ఆ జబ్బు ఏయే ఇళ్ళలో రక్తం వెంట నడుస్తోందో, రాకముందే ఎవరిలో పసిగట్టవచ్చో పరిశోధించడానికే మిగిలిన జీవితమంతా వెచ్చించారు. ముందు ఇంటింటికీ వెళ్ళి వంశవృక్షం గీయాలి. అనుమానం ఉన్న ఇళ్ళవారి మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూడాలి. అవసరమైనవారికి గొట్టం పరీక్ష, జన్యు పరీక్ష చేయించాలి. ఇదీ ఆమె పద్ధతి.

హెడ్మాస్టరుగా నేను నడిపిన అడ్మిషన్ రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కూడా ఉండదని ఎవరో చెప్పగా ఆమె ఇళ్ళ వివరాలు రాసే పనికి నన్ను పిలిపించారు. మొదటిరోజు సిరాపెన్ను, రూళ్ళకర్రతో వెళ్ళాను. ఆమె పెన్ను తీసి పక్కన పెట్టి, పెన్సిల్ ఇచ్చారు.

"సిరాతో రాస్తే చెదరదండి," అన్నాను.

"తప్పు రాసినా చెదరదు కదండీ," అన్నారు.

పనిలో చేరినవారు ముందుగా తమ ఇంటి వృక్షం తామే గీయాలని ఆమె నియమం. నేను పావుగంటలో గీసి ఇచ్చాను. తండ్రి ఎనభై దాటాక వృద్ధాప్యంతో పోయారు. తల్లి కూడా అంతే. నేను ఒక్కడే కొడుకును. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదని అప్పట్లో నిజంగానే నమ్మాను.

ఆమె పని చేసే తీరు తెలియాలంటే బాపట్ల వైపు సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో జరిగింది చెప్పాలి. ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దావిడకు డాక్టరు గారు చిన్న డబ్బా ఇచ్చారు.

"ఏంటమ్మా ఇది, మందా?"

"కాదత్తా. రేపు పొద్దున మీరు వెళ్ళొచ్చేటప్పుడు కాస్త ఇందులో పెట్టి ఇవ్వాలి."

ఆవిడ డబ్బా వైపు, డాక్టరు గారి వైపు మార్చి మార్చి చూసింది. "అంత చదువు చదివి నువ్వడిగేది ఇదా?"

"దీని కోసమే చదివానత్తా."

"మీ అమ్మకి తెలుసా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది డాక్టరు గారే. తరువాత నేను ఆవిడ భర్త మరణకారణం అడిగాను. "కడుపునొప్పి," అంది. నేను అదే రాయబోతుంటే డాక్టరు గారు కాగితంమీద చెయ్యి పెట్టి ఆపారు. "మావయ్య పోయేముందు ఏడాది మొలతాడు వదులైందా అత్తా?" అని అడిగారు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "మూడుసార్లు బిగించి ముడేశాను. నేనే వేశాను," అంది. ఆ ప్రశ్న ఏ వైద్యగ్రంథంలోనూ ఉండదు. రోగం పేరు అడిగితే ఊరివాళ్ళు వాడుకలో ఉన్న పేరే చెబుతారనీ, మనిషి చిక్కిపోవడం మాత్రం ఇంట్లోవాళ్ళు మరచిపోరనీ ఆమె తిరుగుదారిలో నాకు చెప్పారు.

కొన్నాళ్ళకు రేపల్లెలో ఒక ఇల్లు జాబితాలోకి వచ్చింది. చిరునామా చూసి, ఆ వీధికి మరొకరిని పంపమన్నాను. కారణం అడగకుండా ఆమే వెళ్ళారు. మరునాడు ఒక కాగితం నా ముందు పరిచారు. మగవారికి చదరపు గడి, ఆడవారికి సున్నా, జబ్బుతో పోయినవారికి నలుపు. తండ్రి గడి నలుపు. పెద్దకొడుకు గడి నలుపు. తరువాత ఇద్దరు ఆడపిల్లలు. పిల్లల వరుసలో నాలుగో గడి ఖాళీగా, బ్రాకెట్లలో ఉంది.

"దత్తత వెళ్ళినవారిని మేము బ్రాకెట్లలో పెడతామండి. పెద్దకొడుకు భార్య చెప్పారు. ఆఖరివాణ్ణి ఆరో ఏట తెనాలిలో పెద్దమ్మ గారికి ఇచ్చేశారట. హెడ్మాస్టరు చేశాడట. పేరు నేను అడగలేదు. మీరే రాయండి."

నేను పెన్సిల్ ముట్టలేదు. "దత్తత శాస్త్రోక్తంగా జరిగిందండి. హోమం చేశారు, ఇంటిపేరు మారింది. కన్నతండ్రికి నేను తద్దినం కూడా పెట్టను. ఆ ఇంటి జబ్బుతో నాకేం సంబంధం?"

"హోమం జరిగిన సంగతి పేగులకు తెలియదు మాస్టారూ," అన్నారు. నా ముఖం చూసి, "మా బాప్తిస్మమూ అంతే లెండి," అని కలిపారు.

ఆ రాత కోసం ఆమె తొందరపెట్టలేదు. కాగితం మడిచి నా సంచిలో పెట్టారు. నాకు పెద్దమ్మే అమ్మ. రేపల్లె పేరెత్తితే ఆమె మనసు కష్టపడుతుందని ఆరో ఏటే గ్రహించాను. కన్నతండ్రి పోయినప్పుడు మూడు రోజుల మైల పట్టి, నాలుగోరోజు బడికి వెళ్ళాను. ఆయన ఏ జబ్బుతో పోయారని ఎవరినీ అడగలేదు. అలా అడగకపోవడమే మర్యాద అనుకున్నాను.

గడిలో పేరు రాయలేదు గాని గొట్టం పరీక్షకు మాత్రం ఒప్పుకున్నాను. పరీక్షలో నా పెద్దపేగు గోడమీద రెండు పాలిప్‌లు, అంటే చిన్న కండ బుడిపెలు, కనిపించాయి. అక్కడికక్కడే తీసేశారు. వదిలేసి ఉంటే క్యాన్సరుగా మారి ఉండేవని డాక్టరు గారు చెప్పారు. జన్యు దోషం కూడా నాలో ఉందని తరువాత తేలింది. ఆ వెంటనే ఆమె అడిగిన ప్రశ్న నేను ఎదురుచూడనిది. "మీరు రాసిన మిగతా ఇళ్ళలో దత్తతలు ఎన్ని మాస్టారూ?"

నాకు తెలియదు. ఎవరింట్లోనూ అడగలేదు. దత్తుడు కనిపిస్తే పెంచినవారి వరుసలోనే శుభ్రంగా, సిరాతో, రాసేశాను. పెన్సిల్ నా జేబులోనే ఉండిపోయింది. అన్ని ఇళ్ళకూ మళ్ళీ తిరిగాం. పొన్నూరు వైపు ఇద్దరు దొరికారు, ఇద్దరికీ పరీక్షలు చేయించాం. అమృతలూరులో ఒక ఇంటికి మాత్రం మేం వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. ఆ ఇంటి వివరాలు ఇక్కడ రాయను. తిరుగు బస్సు తెనాలి దగ్గరపడ్డాక డాక్టరు గారు, "కన్నవారెవరు అన్న ప్రశ్న చేర్చండి," అన్నారు. "మొదటి వరుసలో." ఆమె నన్ను తప్పుపట్టిన మాటలు అవే. అంతకుమించి ఎన్నడూ అనలేదు.

రేపల్లెలో అన్నగారి కొడుకు సాంబయ్యకు నలభై దాటాయి. ఎరువుల కొట్టు నడుపుతాడు. మేనత్తలిద్దరూ పరీక్షకు ఒప్పుకున్నా అతడు ఒప్పుకోలేదు. డాక్టరు గారు రెండుసార్లు వెళ్ళి వచ్చారు. మూడోసారి నా బల్లమీద బస్సు వేళల కాగితం పెట్టారు. నేను వెళ్ళాను. వదినగారు గుమ్మంలోనే, "రావయ్యా మరిదీ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అన్నారు. కొట్టులో సాంబయ్య లేచి నిలబడ్డాడు గాని కుర్చీ చూపలేదు.

"బాబాయ్ అనమంటారా, హెడ్మాస్టరు గారూ అనమంటారా?"

"ఎలా లెక్కవేసినా బాబాయినే. పెద్దమ్మ కొడుకైనా మీ నాన్నకు తమ్ముణ్ణే."

"మరి ఇన్నాళ్ళూ ఆ వరస ఎక్కడ పెట్టారు?"

నా పరీక్ష కాగితాలు అతని బల్లమీద పెట్టాను. మీ నాన్నకూ నాకూ ఒకే జబ్బు వంతు వచ్చిందనీ, నాకు చూసినవారున్నారు గనుక బతికాననీ చెప్పాను. అతడు ప్రతి పుట చదివాడు. ఆఖరి పుట మూసి, "సిగ్గుగా ఉండదా, ఆ గొట్టం?" అన్నాడు.

"ఉంటుంది. అరగంట."

అతడు నవ్వలేదు గాని కుర్చీ జరిపాడు. ఆ సాయంత్రం తెనాలి చేరగానే సంచిలోని కాగితం తీసి నాలుగో గడిలో నా పేరు రాశాను. సిరాతోనే రాశాను. డాక్టరు గారు అది చూశారు. పెన్సిల్ మాత్రం వెనక్కి అడగలేదు. అది ఇప్పటికీ నా జేబులో ఉంది. ఎవరింటి వివరాలు అడిగినా నా మొదటి ప్రశ్న కన్నవారి గురించే.

సాంబయ్యకూ ఆ దోషం ఉన్నట్టు తేలింది. ఈరోజు మా ఇద్దరికీ ఒకే ఆసుపత్రిలో, ఒకరి తరువాత ఒకరికి పరీక్ష. ఇందాక రేపల్లె నుంచి ఫోను చేశాడు.

"బాబాయ్, ఒక లీటరు అయింది. ఇక దిగట్లేదు. చాలదా?"

"సగం తాగితే సగమే కనపడుతుందిరా," అన్నాను.

అవతల గ్లాసులోకి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది. నా గ్లాసులో కూడా ఇంకా సగం ఉంది. ఫోను పెట్టకుండానే తాగేశాను.