సాలమ్మ ఒప్పుకోని కుక్కపిల్ల

రాజలింగం మంచివాడే. కాకపోతే అతనికొక మంచి ఆలోచన వచ్చిందంటే ఇంట్లోవాళ్ళకు నెలరోజులు మనశ్శాంతి ఉండదు.

1967లో అతనికి వచ్చిన ఆలోచన ఇది: నవ్వించిన మాటను మనిషి మరిచిపోడు. అప్పుడతను యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు తెలుగు చెప్పే టెంపరరీ ట్యూటరు. మూడేళ్ళుగా టెంపరరీయే. ఆ ఏడు నలుగురు విద్యార్థులుండేవాళ్ళు. అందులో యోహాన్ అనే ఆరడుగుల జర్మనీ అబ్బాయి ఆరు నెలలైనా "నా పేరు యోహాన్, ఇది కుర్చీ" దగ్గరే కూర్చుండిపోయాడు. డిపార్టుమెంటు హెడ్డుగారు ఒకరోజు పిలిచి, "వచ్చే శుక్రవారం నీ క్లాసుకు వస్తానయ్యా. వాళ్ళు సొంతంగా నాలుగు మాటలు మాట్లాడితే సరే. లేకపోతే జూన్ నుంచి వేరే మనిషిని చూసుకుంటాం" అన్నారు.

ఇంక తార్నాకలో అతని ఇంట్లో చాప మీద ఇండియన్ ఇంకు సీసా తెరుచుకుంది. కళ్ళద్దాలు పెట్టుకున్న కుక్కపిల్ల. గొడుగు పట్టుకున్న పిల్లిపిల్ల. పేపరు చదివే మేకపిల్ల. ముద్దొచ్చేటట్టే గీశాడు, పాపం. చాప మీది మరకలు చూసి భార్య భూదేవి మాత్రం ముద్దు చేయలేదు.

బొమ్మలైతే అయ్యాయి, క్లాసులో వాటి గురించి చెప్పే గొంతు కావాలి. తన గొంతు పాఠ్యపుస్తకంలా ఉంటుందని అతనికి అనుమానం. ఆ అనుమానం నిజమే. అందుకని రోజూ పాలు పోసే సాలమ్మను అరుగు మీద కూర్చోబెట్టాడు. సాలమ్మకు హబ్సిగూడలో ఆరు బర్రెలున్నాయి, నోటినిండా మాటలున్నాయి.

"సాలమ్మా, ఈ బొమ్మ చూసి 'కుక్కపిల్ల కండ్లద్దాలు పెట్టుకున్నది' అను. అంతే."

సాలమ్మ బొమ్మను తేరిపార చూసింది. "పెట్టుకోలే సారూ."

"ఏంది పెట్టుకోలే? కనబడ్తలేదా?"

"కనబడ్తున్నది. నువ్వు పెట్టినవు. కుక్క ఎట్ల పెట్టుకుంటది?"

"ఉత్తగనే అనరాదూ."

"పొద్దుగాల్నే అబద్ధమాడిపిస్తవా? ఆదివారం చర్చిల ఏం మొకం పెట్టుకోని కూసుండాలె?"

రాజలింగం పళ్ళు కొరుక్కుంటూ పిల్లిపిల్లను ముందుకు జరిపాడు.

"వానొస్తె పిల్లి పొయ్యికాడ పంటది సారూ, గొడుగేసుకోని బజారుకు పోదు."

"మరి ఈ మేక?"

"అది పేపర్ సదవదు. తింటది."

అప్పుడు రాజలింగం అనకూడని మాట అన్నాడు. "పాలల్ల నీళ్ళు కలుపలేదని దినాం చెప్తవు గద, అదేంది మరి?"

సాలమ్మ అరుగు దిగింది. క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పాలు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

"పాలామెతోని కొట్లాడుకోని కుక్కపిల్లతోని ఉద్యోగం సంపాయిస్తడట" అని భూదేవి గోడ మీదుగా పక్కింటావిడకు చెప్పింది, లోపలికి వినబడేటట్టుగానే.

గురువారం రాజలింగం హబ్సిగూడ దాకా నడిచి, సాలమ్మ కొట్టం ముందు పేడలో చెప్పులు దిగబడేలా నిలబడ్డాడు.

"తప్పయింది సాలమ్మా. నీ పాలు మస్తు చిక్కగుంటయి."

ఈ మాట అనడానికి అతనికేమీ ఇబ్బంది కలగలేదు. సాలమ్మకు వినడానికీ కలగలేదు. రేపు యూనివర్సిటీకి వచ్చి క్లాసులో ఆ బొమ్మల గురించి చెప్పమని అడిగాడు.

"వస్త తియ్యి. కని ఏమంటనో ఆడికొచ్చినంక చూస్త."

శుక్రవారం హెడ్డుగారు వెనక బెంచీలో నోటుబుక్కు తెరిచి కూర్చున్నారు. రాజలింగం మొదటి బొమ్మ ఎత్తాడు.

"ఇదేంది సాలమ్మా?"

"కుక్కపిల్ల."

అమ్మయ్య అనుకున్నాడు. "అదేం చేసింది?"

"ఏం చెయ్యలే. నిలబడ్డది."

"కండ్లద్దాలో?"

"సారే తగిలిచ్చిండు. పాపం, దాని ముక్కు ఎంత, గా అద్దాలెంత?"

రాజలింగానికి జూన్ నెల కళ్ళ ముందు కనిపించింది. ఇంతలో రెండో బెంచీలోంచి, "కాదు!" అని వినబడింది. యోహాన్ లేచి నిలబడ్డాడు.

"కాదు. కుక్క... ముసలి. కళ్ళు కనిపించదు."

సాలమ్మ అతని వైపు తిరిగింది. "ఇంతంత పిల్ల ముసల్దెట్లయితది బిడ్డా?"

యోహాన్ నెత్తి గోక్కున్నాడు. "చదువు! చాలా చదువు. అందుకే కళ్ళు పోయింది."

"ఓహో! ఏం సదివిందట? బియ్యేనా?"

"ఎమ్మే!"

క్లాసంతా గొల్లుమంది. పక్కనున్న అమ్మాయి పిల్లిబొమ్మ లాక్కుని, "గొడుగు పిల్లిది కాదు. పిల్లి దొంగ!" అంది. సాలమ్మ చేత్తో బల్ల చరిచింది. "గది! గది నిజం. పిల్లి దొంగదే." ఆ తర్వాత ముప్పావుగంట సేపు ఐదుగురూ తెలుగులో కొట్లాడుకున్నారు, సగం తప్పులతో, పూర్తి కోపంతో. రాజలింగాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మేకబొమ్మ పట్టుకుని మేకులా నిలబడ్డాడు.

వరండాలో హెడ్డుగారు, "ఆమె రోజూ రావాలయ్యా" అన్నారు.

"నా సంగతి సార్?"

"పర్మనెంటుకు రాస్తాలే."

రాజలింగం చేతిలోని మేకబొమ్మ వైపు చూశాడు. "మరి బొమ్మలు ఆపెయ్యమంటరా సార్?"

"బొమ్మల్లేకపోతే ఆమె దేనితో కొట్లాడుతుంది? ఇంకా గీయి. ఇంకాస్త తలతిక్కవి గీయి."

నవ్విద్దామని ఇన్నాళ్ళు కష్టపడిన మనిషికి చివరికి దొరికింది ఈ పని: సాలమ్మకు ఒళ్ళు మండించడం. ఆ సాయంత్రం మళ్ళీ ఇంకు సీసా తీసి, సైకిలు తొక్కే బర్రెను గీశాడు. హ్యాండిలుకు పాలక్యాను కూడా తగిలించాడు. తడి ఆరకముందే వంటింట్లోకి పట్టుకుపోయాడు.

"ఇది చూస్తె సాలమ్మకు కోపమొస్తదంటవా?"

భూదేవి బొమ్మను చూసింది. నేల మీద చాప దగ్గర్నుంచి వంటింటిదాకా పడ్డ నల్లటి ఇంకు చుక్కల వరుసను చూసింది.

"సాలమ్మ సంగతి తెల్వదు. నాకైతే వచ్చింది."