రాయడం రాదని రాసిన వరుస

మా అమ్మ పుట్టకముందే, వాళ్ల చిన్నాన్నను చదివిస్తానని ఒక మిషనరీ దొర గుంటూరు జిల్లా నుంచి అమెరికా తీసుకొచ్చాడు. అప్పటికే ఆయన మిషన్ స్కూల్లో పంతులు. బైబిలు కాలేజీలో చదివి పాస్టరై వస్తాడని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. ఆయన నుంచి రెండే ఉత్తరాలు వచ్చాయి, పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊరి నుంచి. దొర ఒక్కడే తిరిగొచ్చి, “చదువు బాగా సాగుతోంది” అని చెబుతూ పోయాడు. ఐదేళ్లకు, “ప్రభువునందు నిద్రించాడు” అన్నాడు. మావాళ్లు నమ్మారు. నేనూ నమ్మాను.

1982లో, నేను అమెరికాలోనే పిస్కాటవేలో ఉంటూ మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నప్పుడు, 1910 జనాభా లెక్కలు అందరూ చూడడానికి తెరిచారు. డెబ్బై రెండేళ్లు నిండితేగానీ ఆ కాగితాలు బయటపెట్టరు. సెలవు దొరికినప్పుడల్లా ఆర్కైవ్స్ ఆఫీసుకు వెళ్లి, మైక్రోఫిల్మ్ రీలు ఎక్కించి, ఆ ఊళ్లో ఇల్లిల్లూ చదివాను. మూడోసారి వెళ్లినప్పుడు దొరికాడు.

దొర అన్నగారి ఇల్లది. భార్య, కొడుకు, కూతురు అయ్యాక ఆఖరి వరుసలో మా చిన్న తాతయ్య. ఇంటిపేరు లేదు. పుట్టింది ఇండియాలో. ఇంటి పెద్దకు ఏమవుతాడన్న గడిలో ‘నౌకరు’. జాతి ‘హిందూ’. క్రీస్తు పని కోసం సముద్రం దాటిన మనిషి! బడికి వెళ్తున్నాడా? లేదు. ఏ భాషలోనైనా చదవడం వచ్చా? రాదు. రాయడం? రాదు.

ఒళ్లు మండిపోయింది. కౌంటర్ దగ్గరున్న ఆవిడను అడిగాను, “ఇది తప్పు. ఎలా కరెక్ట్ చేయించాలి?”

“రికార్డు మార్చరు మేడమ్. ఆ రోజు తలుపు తీసినవాళ్లు ఏం చెబితే అదే రాసుకునేవారు,” అందావిడ.

ఆ కాగితం కాపీ తీయించి, ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ ఆ వరుస మళ్లీ చదవమంది. తర్వాత, “ఆ ఇంటివాళ్లు ఎవరైనా బతికున్నారేమో కనుక్కో,” అంది.

ఆ ఊరి టెలిఫోన్ డైరెక్టరీలో అదే ఇంటిపేరుతో ఒక్కరే ఉన్నారు. ఫోన్ చేస్తే ఎత్తింది ఆ లెక్కల్లో ఉన్న కూతురే. పెళ్లి చేసుకోలేదట, దగ్గరదగ్గర ఎనభై ఏళ్లు. వచ్చే శనివారం రమ్మంది. అమ్మను కార్లో ఎక్కించుకుని వెళ్లాను.

కేకు చేసి పెట్టింది ముసలావిడ. “ఆయన మాకు ఇంట్లో మనిషిలాంటి వాడు. ఆవుల్ని చూసేవాడు, కట్టెలు కొట్టేవాడు. నాకు ఏబీసీడీలు నేర్పింది కూడా ఆయనే,” అంది ప్రేమగా.

నేను కాగితం ఆవిడ ముందు పెట్టి, ఆ వరుస మీద వేలు పెట్టాను. “మీకు చదువు చెప్పినవాడికి అక్షరం ముక్క రాదని చెప్పిందెవరు?”

ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. “తలుపు తీసింది మా అమ్మే అయ్యుంటుంది,” అంది మెల్లగా. “కాలేజీకి ఎప్పుడు పంపుతారని ఆయన అడుగుతూనే ఉండేవాడు. కోతలయ్యాక అనేవాడు మా నాన్న.”

“ఎన్ని కోతలు?” నా గొంతు ఆ ఇల్లంతా వినబడింది. ఆవిడ ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. ఈనాటికీ కలగలేదు.

సమాధి చర్చి వెనకాల ఎక్కడో ఉందట. రాయి వేయలేదు. అమ్మ ఆ గడ్డిలో అటూ ఇటూ నడిచి, ఎక్కడ నిలబడి ప్రార్థన చేసుకోవాలో తెలియక తిరిగొచ్చేసింది.

మరుసటి ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి అమ్మ లేచింది. దొర పేరు చెప్పగానే కొందరు “స్తోత్రం” అన్నారు. అక్కడున్నవాళ్లలో సగం మంది తాతలకు బాప్తిస్మం ఇచ్చింది ఆ దొరే మరి. అమ్మ ఆగకుండా నౌకరు, ఆవులు, కోతలు, రాయిలేని సమాధి, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

పాస్టర్‌గారు లేచి, “క్షమించడం మన ధర్మం కదమ్మా,” అన్నారు.

“క్షమిస్తాను బాబూ. ముందు నన్ను పూర్తిగా చెప్పనివ్వండి,” అంది అమ్మ.