అంబాసిడర్‌కు పాయింటు చూసిన శ్రీరంగప్ప

మా ఊర్లో శ్రీరంగప్ప అని ఒక మనిషి ఉండాడు. బోర్లకు పాయింట్లు చూస్తాడు. అరచేతిలో టెంకాయ పండబెట్టుకొని చేన్లో నడుస్తాడు, కింద నీళ్ళుండే చోట టెంకాయ లేసి నిలబడుతుందని వాని నమ్మకం. టెంకాయ లేసేది నేనూ చూసినా. బోరులో నుంచి దుమ్ము లేసేది కూడా చూసినా, ఎందుకంటే ఆ బోరు నాదే. టెంకాయలో ఉండే నీళ్ళు తప్ప వాని చేతికి ఇంగో నీళ్ళు దొరికిన పాపాన పోలేదు. నేను కొట్టేదానికి పోతే, "నీళ్ళు ఉండాయి తిమ్మన్నా, మనం వచ్చేది తెలిసి కిందికి దిగిపోయినాయి" అన్నాడు. ఇట్లాంటోన్ని ఏం చేయల్ల, మీరే చెప్పండి!

అయినా పిలుస్తారు. రాప్తాడు చుట్టుపక్కల వాన్ని తిట్టని ఊరు లేదు, వానికి అన్నం పెట్టని ఇల్లూ లేదు. పాయింటు తప్పిన ఇంటికి కూడా మళ్ళా పోయి అరుగు మీద కూసోని, "చెట్లు ఎట్లుండాయమ్మా?" అని అడుగుతాడు. సిగ్గూ శరమూ లేని మనిషి అనుకునేవాన్ని నేను.

పోయిన ఎండాకాలం మా పక్కింటి ఓబుళేసు చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, పాత బోరు ఎండిపోయింది, కొత్తగా వేసిన రెండు బోర్లలోనూ దుమ్మే లేసింది. రెండూ ఈ మహానుభావుడు చూసిన పాయింట్లే. వాన పడేదాకా ట్యాంకర్లతో నీళ్ళు తోలకుంటే, బిడ్డల మాదిరి సాకిన చెట్లన్నీ కట్టెలైపోతాయి. దుడ్లు యాడివి? వాళ్ళ నాయన నడిపిన అంబాసిడర్ కారు ఒకటి కొట్టంలో ఉండాది. దాన్ని అమ్మేదానికి ఓబుళేసు మనసు రాయి చేసుకున్నాడు.

పాత కార్లు కొని, బాగుచేసి, పెండ్లిళ్ళకు బాడుగకిచ్చే భరత్‌కుమార్ అనే ఆయన బెంగళూరు నుంచి ఫోన్ చేసినాడు. "మీ జిల్లా కార్లంటే మాకు ప్రాణం సార్. వాన పడదు కాబట్టి తుప్పు పట్టదు" అన్నాడంట. కరువు వల్ల మాకొక లాభం ఉందని చెప్పిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. తుప్పు లేకుంటే అడిగినంత ఇస్తా, ఉంటే సగమే అన్నాడు.

ఇంగ ఓబుళేసుకు దిగులు పట్టుకుంది. "లేని తుప్పు ఉందని ఆయప్ప అంటే మనమేం చేస్తాం తిమ్మన్నా? మన పక్క కూడా తెలిసిన మనిషి ఒకడు ఉండల్ల. శ్రీరంగప్పను పిలుస్తా."

"వానికీ కారుకూ ఏం సంబంధం రా?"

"తుప్పు యాడి నుంచి వస్తాది? నీళ్ళ నుంచే కదా. భూమి లోపల చూసేటోనికి రేకు లోపల కనపడదా?"

"నీ రెండు బోర్లూ ముంచినోడే కదరా వాడు!"

"నీళ్ళు ఉండేది చూసేది వానికి చేతగాలేదు, ఒప్పుకుంటా. లేనిది చూసేదైనా చేతనైతాది కదా" అన్నాడు.

ఆ పొద్దే శ్రీరంగప్పకు కబురు పంపినాడు.

భరత్‌కుమార్ వచ్చినాడు. అయస్కాంతానికి గుడ్డ చుట్టి కారు పొడుగునా రుద్దుకుంటా పోయినాడు. తుప్పు తిన్న చోట లప్పం పెట్టి రంగు కొట్టుంటే అయస్కాంతం అంటుకోదంట. లోపల కాళ్ళ కింద పరిచిన పట్టాలు ఎత్తి చూసినాడు, ముందర పక్క కారు కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసినాడు. "బంగారం సార్, బంగారం" అంటాండాడు. ఆయన వెనకాలే శ్రీరంగప్ప తలకు పోసుకొని, నామం పెట్టుకొని, టెంకాయ అరచేతిలో పండబెట్టుకొని కారు చుట్టూ నడుస్తాండాడు. భరత్‌కుమార్ చూసి దండం పెట్టి, "బేరం కుదరనీ స్వామీ, పూజ తర్వాత చేద్దాం" అన్నాడు.

కారు ముందర టెంకాయ లేయలేదు. తలుపుల కాడ లేయలేదు. ఓబుళేసు మొగంలో కళ వచ్చింది. శ్రీరంగప్ప వెనక్కి పోయి డిక్కీ కాడ నిలబడినాడో లేదో, టెంకాయ లేసి కూసునింది.

"నీళ్ళు!" అని అరిచినాడు శ్రీరంగప్ప.

వాని నోట్లో మన్ను పొయ్య! బంగారం అన్న మనిషి స్క్రూడ్రైవర్ తీసుకొని ఇటు తిరిగినాడు. "భూమిలో ఉంటాయి సార్, కారులో కాదు" అని ఓబుళేసూ నేనూ చెమటలు కక్కుకుంటా కారును కొట్టం బయటికి నూకినాం. శ్రీరంగప్ప ఖాళీ చోట తిరిగినాడు, ఏమీ లేదు. డిక్కీ కాడికి వచ్చినాడు, టెంకాయ మళ్ళా లేసింది. "పాయింటు కారుతో పాటే వస్తాండాదే!" అని వాడే బిత్తరపోయినాడు.

"డిక్కీ తెరవండి" అన్నాడు భరత్‌కుమార్.

"తాళంచెవి మా నాయన ఉన్నప్పుడే పోయింది సార్."

ఇంట్లో నుంచి ఓబుళేసు పెండ్లాం నాగలక్ష్మి ఉరికొచ్చింది. "తెరవద్దండి, దాంట్లో పాముండాది!"

"పాము కాదమ్మా, నీళ్ళు" అన్నాడు శ్రీరంగప్ప. ఆ పొద్దు వాన్ని చంపుంటే నాకు పాపం కూడా అంటేది కాదు.

భరత్‌కుమార్ పోతానని బయల్దేరినాడు. నాగలక్ష్మి ఇంగ చేసేది లేక రొంట్లో నుంచి ఆ పోయిందన్న తాళంచెవే తీసి డిక్కీ తెరిచింది. లోపల తడి గోనెపట్ట కింద వరసగా బిందెలు, మూతి దాకా నీళ్ళు. అడుగు రేకు ఎర్రగా నానిపోయింది. భరత్‌కుమార్ స్క్రూడ్రైవర్ ఆనిస్తే సంగట్లో వేలు దిగినట్లు దిగిపోయింది.

"ఏమే, మా నాయన కారులో నీళ్ళు పెట్టినావా!" అని మీదికి పోయినాడు ఓబుళేసు.

"పెట్టినా! ఇంట్లో పెడితే చెట్లకు మోస్తావని పెట్టినా. మొన్న పిల్లోళ్ళు తాగే బిందె కూడా మోసుకపోయినావు. దప్పికతో ఉండైనా చెట్లకు పోస్తావు నువ్వు. చెట్లు పోతే మళ్ళా నాటుకుంటాం, మనుషులు పోతే యాడ నాటేది?" అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

శ్రీరంగప్పకు ఇదేమీ చెవిన పడలేదు. "పడినాయి! నీళ్ళు పడినాయి!" అని ఎగురుతాండాడు. జన్మలో మొదటిసారి కదా. ఓబుళేసు మొగం చూసినాక నిలబడిపోయినాడు.

భరత్‌కుమార్ సగమే ఇచ్చి కారును లారీకి ఎక్కించుకొని పోయినాడు. ఆ దుడ్లతో వచ్చే నీళ్ళు సగం తోటకే చాలుతాయి. ఏ సగానికి పోయల్ల? నాగలక్ష్మి పాత చీర చించి, బతికించే చెట్లకు పేలికలు కట్టుకుంటా పోయింది. వెనకాలే ఓబుళేసు ఒక్కో పేలిక విప్పి పక్క చెట్టుకు కడతాండాడు. కాసేపటికి అదీ విప్పి మళ్ళా మొదటి చెట్టుకే కట్టినాడు.

నాగలక్ష్మి తిరిగి చూసింది. కొట్లాట పడుతుందనుకున్నా. ఆమె పేలికలను ఇంగా సన్నగా చించింది, చెట్టు చెట్టుకూ కట్టుకుంటా వచ్చింది. కడపటి వరస కాడ చీర అయిపోయింది.

అంతసేపూ గట్టు మీద నిలబడిన శ్రీరంగప్ప లోపలికొచ్చి, భుజం మీద తువాలు తీసి చించినాడు. "నేను చూసిన బోర్ల వల్లనే కదమ్మా ఇదంతా" అన్నాడు. నేనూ ఒక కొస పట్టుకున్నా.

"సగం నీళ్ళకు అన్నీ బతుకుతాయా తల్లీ?" అని అడిగినాడు.

"తలా సగం తాగనీలే శ్రీరంగన్నా" అనింది నాగలక్ష్మి, "మనం బతుకుతాండేది అట్లే కదా."