కారుకి మీరు, నాకు నువ్వు

మా ఆవిడ అన్నయ్య తన పాత అంబాసిడర్‌ని మీరు అంటాడు. చెల్లెలి మొగుణ్ణి, నన్ను మాత్రం నువ్వు అంటాడు. పెళ్లయిన కొత్తలో నేను ఆ కారు దిగుతుంటే నలుగురి ముందూ, "తలుపు మెల్లగా వెయ్యి బావా, ఆవిడకి దెబ్బ తగుల్తుంది" అన్నాడు. నేనది మరిచిపోలేదు. ఆ రోజు నుంచి నేనూ ఆయన్ని నువ్వనే అంటున్నాను.

కొత్త కార్లకి తెలివే గాని ఓర్పు ఉండదని ఆయన వాదన. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నిరుడు వానల్లో మా అమ్మకి ఆయాసం ముంచుకొచ్చింది. నా కొత్త కారు వీధి చివర నీళ్లలోనే ఆగిపోయింది. ఫోను చేయగానే ఆయన వచ్చాడు. "కానివ్వండి, ఇంకొంచెమేనండి" అని స్టీరింగు నిమురుతూ మమ్మల్ని కాకినాడ ఆసుపత్రికి చేర్చాడు. అమ్మ దక్కింది.

తిరిగొచ్చాక ఇంటి ముందు దిగి, తలుపు మెల్లగా వేసి, "వెళ్లొస్తానండి" అన్నాను.

"నాకెందుకు బావా ఇప్పుడు అండీలు?" అని నవ్వాడు.

"నీక్కాదు, ఆవిడకి" అన్నాను.