పొడి పంచె

ఈ ఉదయం ఆదోని జిన్నింగు మిల్లు ఆవరణలో బస్తాలు దింపిస్తుంటే తడిసిన పత్తి వాసన ముక్కుకు తగిలింది. ముసలి మేక వానలో నానినట్టుండే వాసన అది. పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం నాకు తెలియకుండానే వంగి నా పంచె అంచు చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానో చెప్పాలంటే పదిహేనేళ్లు వెనక్కి, సుబేదారు దావీదప్ప దగ్గరికి పోవాలి.

నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. ఎమ్మిగనూరులో నా ఒట్టు చెల్లదు. నా ఎద్దులు పరుగెత్తితే వాటి నీడలు మరునాటి బస్సులో వచ్చేవని చెప్పినవాణ్ణి నేనే. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో మొసలికి కాడి కట్టి బండి దాటించానని చెప్పినవాణ్ణీ నేనే. కానీ సుబేదారు సంగతి వచ్చినప్పుడు ఒక్క బండి కూడా ఎక్కువ చెప్పను. ఆ రోజు బండ్లు పద్దెనిమిది. యాభై అనమని నాలుక దురద పెడుతోంది, అయినా పద్దెనిమిదే.

దావీదప్ప సి.బెళగల్ దగ్గర కూలి కుటుంబంలో పుట్టి, పటాలంలో చేరి, మొదటి పెద్ద యుద్ధంలో బస్రా దాకా పోయివచ్చిన మనిషి. పింఛను పుచ్చుకుని తిరిగొచ్చాక ఆదోని పత్తి సావుకారు ఒకాయన తన బండ్ల మీద ఆయన్ను పెద్దగా పెట్టాడు. కూలిపల్లెలో పుట్టిన కిరస్తానీ మాకు హుకుం ఇవ్వడమేమిటని బండివాళ్లం గొణిగాం. అందరికన్నా నా గొంతే పెద్దది.

మొదటి రోజే ఆయన నా పరువు తీశాడు. హనుమంతప్ప తాత బండిని వరుసకు ముందు నిలిపాడు. ఆ ముసలి ఎద్దులు ఒక అడుగు వేసి, రెండోది వేయాలా వద్దా అని ఆలోచించుకునే రకం. నా బండి చిట్టచివర. గుర్రాన్ని గాడిద వెనక కట్టినట్టుందని ఎగతాళి చేశాను. ఆయనకు కోపం రాలేదు.

“ముందర నువ్వు పోతే నువ్వొక్కడివే ఆదోని చేరతావు. తాత ముందర పోతే అందరూ చేరతారప్పా,” అన్నాడు.

అంతకుముందు ఈ రోజు కొన్ని, మర్నాడు కొన్ని చేరే బండ్లు అప్పటినుంచి ఒక్క దండలా చేరసాగాయి. మధ్యాహ్నం ఆగినచోట ఆయన ముందు ఎద్దుల మెడలు తడిమి, కాడి ఒరుసుకున్నచోట నూనె రాసేవాడు. తరువాత ఎవరు తిన్నారు, ఎవరు తినలేదని చూసేవాడు. అందరూ తిని చేతులు కడుక్కున్నాకే తన జొన్నరొట్టె మూట విప్పేవాడు. ఒకసారి ముందే తినమని బలవంతం చేశాను. “నా కడుపు నిండితే నీ ఆకలి నాకు యాడ కనపడతాది?” అన్నాడు. మా గొణుగుడు ఎప్పుడు ఆగిందో మాకే తెలియలేదు.

నా ఎద్దుల పరుగుకు కూడా ఆయన ఒక పని కనిపెట్టాడు. నా బండికి పత్తి బాగా తగ్గించి, తేలిక చేసి, ముందుకు పోయి దారి చూసి రమ్మనేవాడు. ఆ పదవి నా తలకెక్కింది.

ఆ రోజు వేసవి మబ్బు పడమట నల్లగా లేచింది. పద్దెనిమిది ఇళ్ల ఏడాది కష్టం బండ్ల మీద ఉంది. పత్తి తడిస్తే పని ఊడినట్టేనని సావుకారు సుబేదారుకు అంతకుముందే చెప్పి ఉన్నాడు. దారిలో ఒక వంక దాటాలి. పైన ఎక్కడైనా వాన పడితే అది చెప్పకుండా నిండుతుంది. దిగి లోతు చూసి రమ్మని సుబేదారు నన్ను పంపాడు. సగం దారిలో బొరుగుల అంగడి దగ్గర నలుగురు నా ఎద్దులను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లకు మొసలి కథ చెప్పకుండా ఎలా పోను? మొసలి అవతలి గట్టు చేరేసరికి పొద్దు వాలింది. వంక దాకా పోకుండానే వెనక్కి తిరిగాను.

“మోకాళ్ల లోతు కూడా లేదు సుబేదారన్నా. నేనే దిగి చూసినాను,” అన్నాను.

ఆయన మబ్బు వైపు ఒకసారి చూసి ఈల ఊదాడు. బండ్లు కదిలాయి.

బురద నీళ్లలో లోతు కనపడదు. నా మాట నమ్మి తాత ఆగకుండా బండి దించాడు. నడి వంకలో చక్రం రేగడిలో దిగబడింది, నీళ్లు బస్తాలను తాకాయి. సుబేదారు ఈలతో మిగతా బండ్లను గట్టునే ఆపి, అందరికంటే ముందు తనే తొడ లోతు నీళ్లలోకి దిగి చక్రానికి భుజం పెట్టాడు. నా ఎద్దులను విప్పించి తాత ఎద్దుల ముందు కట్టించాడు. నా గొప్పలన్నింటికీ అవి ఆ రోజు బాకీ తీర్చాయి. నీళ్లు తగ్గాక మిగతా పదిహేడూ పొడిగా దాటాయి. తాత బండి పత్తి మాత్రం తడిసింది.

మిల్లు దగ్గర సావుకారు ఎగిరిపడ్డాడు. దారి చూడమన్నదీ, బండి దించమన్నదీ తానేనని, తప్పు తనదేనని సుబేదారు చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. అది నేను తట్టుకోలేకపోయాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ అడగకుండా నిజం చెప్పాను.

“తప్పు నాదయ్యా. నేను వంక దాకా పోనే లేదు. అబద్ధం చెప్పినాను.”

సావుకారు నన్ను కింది నుంచి పైదాకా చూసి పగలబడి నవ్వాడు. “నువ్వు చెప్పిన అబద్ధాలన్నిట్లో ఇదే మేలైనది. సుబేదారూ, ఇట్లాంటోడు కూడా నీ నేరం నెత్తినేసుకుంటాండాడంటే నువ్వు మామూలోడివి కాదు. రేపు పనికి రా.”

నేను ఒట్టు పెట్టబోయాను. దాంతో ఆయన ఇంకా నవ్వాడు.

బయటికి వచ్చాక సుబేదారు కూడా కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తరువాత నా పంచె అంచు చేత్తో పట్టుకున్నాడు.

“వంకలోకి దిగినానంటివి. అప్పుడు ఇది పొడిగా ఉండె. నా కళ్ల ముందరే ఉండె, నేను చూడలేదు. పంపినోడు చూడాల. నిన్ను కాయాలని కాదప్పా తప్పు నాదన్నది. నాదే కాబట్టి.”

రేపటినుంచి దారి చూసేది ఎవరని బిక్కమొహంతో అడిగాను.

“నువ్వే. మొదట చూసింది చెప్పు. తర్వాత విన్నది. నువ్వు అనుకునేది ఆఖర్న. మూడూ కలపొద్దు. మొసలి సంగతి బొరుగుల అంగడి కాడ చెప్పుకో, నేనూ వచ్చి వింటా.”

నిజంగానే వచ్చి విన్నాడు. మొసలి పక్కన దాని పెళ్లాన్ని కూడా కట్టి ఉండాల్సిందని సలహా ఇచ్చాడు.

చివరి రోజుల్లో సి.బెళగల్‌లో కూతురి ఇంట మంచం పట్టాడు. చూడబోయినప్పుడు కళ్లు మూసుకునే, “దారి ఎట్లుంది?” అన్నాడు. ఆ ఏడు వాన లేదు. వాన దంచి కొట్టిందని, శెనగ చేలు పచ్చగా ఉన్నాయని చెప్పి ఆయన్ను సంతోషపెట్టాలనుకున్నాను. నోరు రాలేదు. చేలు ఎండాయన్నది చూసింది. పెద్దకడుబూరు వైపు నాలుగు చినుకులు పడ్డాయన్నది విన్నది. మనకూ వస్తుందన్నది నేను అనుకునేది. మూడూ విడివిడిగా చెప్పాను. ఆయన తల ఊపి, చేయి చాచి నా పంచె అంచు తడిమి నవ్వాడు.

ఇప్పుడు ఆ బండ్ల మీద పెద్దను నేను. ఈ రోజు తడిసిన పత్తి తెచ్చిన కుర్ర బండివాడు, వంకలో నీళ్లు లేవని ఎవరో చెప్పారని గొణుగుతున్నాడు. ఎవరు చెప్పారని అడగలేదు. వాణ్ణి పంపింది నేను. సావుకారుకు ఆ మాటే చెప్పి, వాణ్ణి వెంటబెట్టుకుని వంక దాకా పోయి, ఇద్దరం దిగి చూసి వచ్చాం. ఇది రాస్తుంటే నా పంచె ఇంకా కాళ్లకు అంటుకుని ఉంది. మోకాళ్ల పైకి జానెడు తడి. మొసళ్లు కనపడలేదు.